మౌత్‌వాష్: ఏ సీసా, ఎప్పుడు, ఎన్ని రోజులు

తిరుపతిలో మౌత్‌వాష్ రెండు చోట్ల దొరుకుతుంది. సూపర్‌మార్కెట్లో టూత్‌పేస్టుల పక్కన నీలంగా, పచ్చగా మెరుస్తూ నిలబడేది ఒకటి. మందుల షాపులో చీటీ చూపిస్తే లోపలి అరలోంచి తీసిచ్చేది ఇంకొకటి. మూత ఒకేలా ఉంటుంది, వాడే తీరూ ఒకటే: నోట్లో పోసుకోవడం, పుక్కిలించడం, ఉమ్మేయడం. దాంతో రెండూ ఒకటేలే అనుకుంటారు. పంటి డాక్టరు వారానికని రాసిచ్చిన సీసా బాగా పనిచేసిందని ఆరు నెలలు కొనసాగించి పళ్ళను గోధుమరంగుకు తెచ్చుకునేవాళ్ళున్నారు. చిగుళ్ళలోంచి రక్తం వస్తుంటే పుదీనా వాసన సీసాతో ఏడాది నెట్టుకొచ్చేవాళ్ళూ ఉన్నారు. మొదటివాళ్ళ చేతిలో ఉన్నది మందు, దానికి మోతాదూ గడువూ ఉంటాయి. రెండోవాళ్ళ చేతిలోది ఎక్కువగా సువాసన సరుకు, చిగుళ్ళ జబ్బు నయం చేయడం దాని పని కాదు.

కాబట్టి మౌత్‌వాష్ మంచిదా, చెడ్డదా అన్న ప్రశ్నకు జవాబు లేదు. సీసా వెనక చిన్న అక్షరాల్లో ఏ పదార్థం ఎంత శాతం ఉందో చూశాకే మిగతా మాట.

పుక్కిలిస్తే పాచి పోతుందా

పళ్ళు శుభ్రంగా తోముకున్న కొన్ని నిమిషాలకే లాలాజలంలోని ప్రొటీన్లు పంటి మీద కంటికి కనపడని పొరగా పరుచుకుంటాయి. కొన్ని గంటల్లో ఆ పొర మీదికి బ్యాక్టీరియా చేరి, తమ చుట్టూ జిగురు అల్లుకుంటుంది. ఒకటి రెండు రోజులు ఎవరూ కదిలించకపోతే అదే గోటితో గీకితే తెల్లగా వచ్చే పాచి. ఇంకొన్నాళ్ళు వదిలేస్తే లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేటు దాంట్లోకి దిగి రాయిలా గట్టిపడి గార అవుతుంది. గారను ఇంట్లో ఏ బ్రష్షూ, ఏ ద్రవమూ ఊడదీయలేవు, డాక్టరు దగ్గర స్కేలింగ్ చేయించుకోవాల్సిందే.

కోనేటి మెట్ల మీది పాచి ఎన్ని చెంబుల నీళ్ళు గుమ్మరించినా పోదు, చీపురు పెట్టి రుద్దాలి. పంటి పాచిదీ అదే లెక్క. మౌత్‌వాష్ లాలాజలంలో తేలే బ్యాక్టీరియాను, పాచి పైపొరలో ఉన్నదాన్ని చంపుతుంది. లోపలి పొరల్లో ఉన్నదానికి జిగురే కాపలా. చిగురుకూ పంటికీ మధ్య ఉండే సందులోకి పుక్కిలించిన ద్రవం మిల్లీమీటరులో చిన్న భాగం కూడా సరిగా దిగదు. చిగుళ్ళ జబ్బు ముదిరినవాళ్ళకు ఆ సందు 5, 6 మిల్లీమీటర్ల లోతు ఉంటుంది. అసలు గొడవ జరిగేది ఆ అడుగున, మౌత్‌వాష్ తిరిగేది పైన.

దీన్నిబట్టి ఒక వరస ఏర్పడుతుంది. మొదటిది బ్రష్, రోజుకు రెండుసార్లు, ప్రతిసారీ 2 నిమిషాలు. బ్రష్ కుచ్చును చిగురు అంచు మీద 45 డిగ్రీల ఏటవాలుగా ఆనించి, చిన్నగా కదిలిస్తూ పంటి వైపు తుడవాలి. రెండోది పళ్ళ సందులు: సందు బిగుతుగా ఉంటే ఫ్లాస్ దారం, వదులుగా ఉంటే చిన్న ఇంటర్‌డెంటల్ బ్రష్. మూడోది నాలుక. మౌత్‌వాష్ ఈ మూడిటి తర్వాత వస్తుంది. లిస్టరిన్ తయారీదారు తమ మౌత్‌వాష్ ఫ్లాస్‌తో సమానమని ప్రకటనలు ఇస్తే, 2005లో న్యూయార్క్‌లోని ఫెడరల్ కోర్టు ఆ మాట జనాన్ని తప్పుదారి పట్టిస్తుందని చెప్పి ఆపించింది.

మన ఇళ్ళలో అసలు లోటు మౌత్‌వాష్ లేకపోవడం కాదు, రాత్రి తోముకోకపోవడం. పొద్దున లేస్తూనే పళ్ళు తోమనిదే కాఫీ ముట్టరు, రాత్రి మాత్రం పెరుగన్నం తిని అలాగే పడుకుంటారు. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది. పగలంతా బ్యాక్టీరియా తీపి నుంచి పుట్టించే ఆమ్లాన్ని కడిగి పళ్ళను కాపాడేది ఆ లాలాజలమే. పంటి మీద పీహెచ్ (ఆమ్లాన్ని కొలిచే అంకె, తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 5.5 కన్నా కిందికి దిగితే పంటి గట్టి పైపొర అయిన ఎనామిల్‌లోని ఖనిజం కరగడం మొదలవుతుంది. తీపి తిన్న కొద్ది నిమిషాల్లోనే అంత దూరం దిగుతుంది, మళ్ళీ మామూలుకు రావడానికి అరగంట నుంచి గంట పడుతుంది. రాత్రి చివర్న బెల్లం ముక్కో, ప్రసాదం లడ్డూ ముక్కో నోట్లో వేసుకుని పడుకుంటే ఆ లెక్క ఇంకా సాగుతుంది. లడ్డూలో పాకం జిగురుగా దవడ పళ్ళ గుంటల్లో కూర్చుంటుంది. మౌత్‌వాష్ కొనే డబ్బుతో ఇంటిల్లిపాదికీ మూడు నెలలకోసారి మెత్తటి కొత్త బ్రష్షులు కొని, రాత్రిపూట తోమడం అలవాటు చేస్తే దక్కే లాభం చాలా ఎక్కువ.

క్లోర్‌హెక్సిడిన్: వాడకం తెలిస్తే మంచి మందు

మందుల షాపు సీసాల్లో ఎక్కువ భాగం క్లోర్‌హెక్సిడిన్ గ్లూకోనేట్ 0.2%. హెక్సిడిన్, రెక్సిడిన్, క్లోహెక్స్ లాంటి పేర్లతో దొరికేవి ఈ కోవలోవే. 1950లలో బ్రిటన్‌లో గాయాలు కడిగే క్రిమిసంహారిణిగా వచ్చింది. 1970లో హరాల్డ్ లో, ష్యోట్ అనే పరిశోధకులు అసలు బ్రష్ వాడని విద్యార్థుల నోళ్ళలో కూడా 0.2% ద్రావణం రోజుకు రెండుసార్లు పుక్కిలిస్తే పాచి పట్టకుండా ఆగుతుందని చూపించారు. అప్పటినుంచి పాచిని ఆపే మౌత్‌వాష్‌లన్నిటికీ ఇదే కొలబద్ద.

దీని బలం నోట్లో నిలిచి ఉండటంలో ఉంది. అణువుకు ధన విద్యుదావేశం ఉండటం వల్ల పంటికి, చిగురుకు, నాలుకకు అంటుకుని 12 గంటల దాకా కొంచెం కొంచెంగా విడుదలవుతుంది. అందుకే రోజుకు రెండుసార్లు చాలు. మూడోసారి పుక్కిలిస్తే లాభం పెరగదు, మరక పెరుగుతుంది.

మోతాదు 10 మి.లీ., 30 సెకన్ల నుంచి ఒక నిమిషం. 0.2% ద్రావణం 10 మి.లీ.లో 20 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. ఘాటుగా ఉందని సమానంగా నీళ్ళు కలుపుకొమ్మని కొందరు డాక్టర్లు చెబుతారు. తప్పేమీ లేదు, కాకపోతే కలిపే లెక్క తెలియాలి. 10 మి.లీ. మందుకు 10 మి.లీ. నీళ్ళు కలిపి మొత్తం 20 మి.లీ. పుక్కిలిస్తే మందు అంతే అందుతుంది. 5 మి.లీ. మందు, 5 మి.లీ. నీళ్ళు కలిపితే సగమే అందుతుంది. చాలా ఇళ్ళలో జరిగేది రెండోదే. ఒక చిన్న పరీక్ష: పూటకు 10 మి.లీ. చొప్పున 150 మి.లీ. సీసా వారం రోజులకు అయిపోవాలి. రెండు వారాలు వచ్చిందంటే ఏదో ఒక పూట మానేస్తున్నారు, లేదా కొలత తప్పుతున్నారు. కొలత మూత లోపల గీతగా ఉంటుంది, అంచనాగా గుక్కెడు పోసుకోవడం కొలత కాదు.

తప్పు ఎక్కువగా జరిగేది వేళ దగ్గర. టూత్‌పేస్టులో నురగ తెప్పించే సోడియం లారిల్ సల్ఫేట్ రుణావేశం కలది. అది క్లోర్‌హెక్సిడిన్‌ను పట్టుకుని పనికిరాకుండా చేస్తుంది. పళ్ళు తోమి, ఆ నురగ పోకముందే మందు పుక్కిలిస్తే మందంతా వాష్‌బేసిన్ పాలే. కనీసం అరగంట ఎడం ఉండాలి, వీలైతే గంట, రెండు గంటలు. పొద్దున 6కు తోముకునేవాళ్ళు టిఫిన్ అయ్యాక నోరు మామూలు నీళ్ళతో కడుక్కుని 8కి పుక్కిలించడం సులువు. రాత్రి అన్నానికి ముందే పళ్ళు తోమడం మనకు అలవాటు లేదు గనక, తిన్నాక తోమి, పడుకునే ముందు, అంటే గంట తర్వాత పుక్కిలించాలి. ఉప్పునీళ్ళలో దీన్ని కలపకూడదు. ఉప్పులోని క్లోరైడుతో కలిసి తెల్లటి మడ్డిగా అడుగుకు దిగిపోతుంది. రెండూ చేయమని డాక్టరు చెబితే వేర్వేరు వేళల్లో చేయాలి.

పుక్కిలించాక అరగంట పాటు ఏమీ తినకూడదు, తాగకూడదు, నీళ్ళతో నోరు కడగకూడదు. చేదు పోవాలని వెంటనే నీళ్ళు పుక్కిలించేవాళ్ళే ఎక్కువ. అలా చేస్తే అంటుకోవాల్సిన మందు కూడా కొట్టుకుపోతుంది.

ఇక మరకల సంగతి. టీ, కాఫీ, ఆకువక్కల్లోని రంగు పదార్థాలను క్లోర్‌హెక్సిడిన్ పంటి మీదికి లాగి పట్టి ఉంచుతుంది. వారం, పది రోజులకే పళ్ళ సందుల్లో, నాలుక మీద, పంటికి నింపిన తెల్ల సిమెంటు అంచుల్లో గోధుమరంగు మొదలవుతుంది. రోజుకు నాలుగు టీలు తాగేవాళ్ళకు ఇంకా త్వరగా వస్తుంది. రుచి తెలియకపోవడం, ముఖ్యంగా ఉప్పు సరిగా తెలియకపోవడం ఇంకొకటి. కూరలో ఉప్పు తక్కువైందని ఇంట్లో రెండు రోజులు వరసగా గొడవ జరిగితే కారణం ఈ సీసా కావచ్చు! గార పేరుకోవడం కూడా పెరుగుతుంది. కొందరికి బుగ్గల లోపల చర్మం పల్చగా తెల్లటి పొరగా ఊడుతుంది. మందు మానితే రుచి, చర్మం సర్దుకుంటాయి, మరకను మాత్రం డాక్టరు పాలిష్ చేయాలి. ఈ కారణాలన్నిటి వల్లే దీన్ని మామూలుగా రెండు వారాలకు మించి వాడరు. చిగుళ్ళ ఆపరేషన్ తర్వాత, దవడ విరిగి తీగలు కట్టినప్పుడు, చేతులు స్వాధీనంలో లేని పెద్దవాళ్ళు బ్రష్ చేసుకోలేనప్పుడు ఇది నిజంగా ఆదుకుంటుంది.

మరకల విషయంలో రాయలసీమకు ప్రత్యేకంగా ఒక చిక్కుంది. ఫ్లోరైడు ఎక్కువున్న బోరునీళ్ళు చిన్నప్పుడు తాగినవాళ్ళ పళ్ళకు సుద్దలాంటి తెల్ల చారలు, గోధుమ మచ్చలు ఉంటాయి. అది ఎనామిల్ ఏర్పడేటప్పుడే లోపలికి దిగిన మచ్చ, స్కేలింగ్‌తో పోదు. క్లోర్‌హెక్సిడిన్ మరక పైపొరదే, పోతుంది. రెండూ కలిసి ఉన్నప్పుడు సగం మరక పోయి సగం మిగిలితే డాక్టరు సరిగా చేయలేదని అనుకోవాల్సిన పని లేదు. స్కేలింగ్ చేస్తే పళ్ళు వదులవుతాయన్న భయం కూడా ఇలాంటిదే. చిగురు ఎప్పుడో కిందికి జారితే ఆ ఖాళీని గార నింపి కప్పెట్టింది. గార తీశాక ఖాళీ బయటపడుతుంది, పన్ను కదులుతున్నట్టు తెలుస్తుంది. ఎముకను తిన్నది గార, పాచి. తీసిన పరికరం కాదు.

సూపర్‌మార్కెట్ సీసాల్లో ఏముంది

వీటిలో ముఖ్యంగా రెండు రకాలు. సెటైల్‌పిరిడినియం క్లోరైడ్ ఉన్నవి ఒక రకం, సాధారణంగా 0.05% నుంచి 0.1% మధ్య ఉంటుంది. ఇది కూడా ధనావేశం కలదే, కానీ నోట్లో నిలిచి ఉండే సమయం క్లోర్‌హెక్సిడిన్ కన్నా బాగా తక్కువ. పాచిని కొంచెం తగ్గిస్తుంది, మరకలూ తక్కువే. టూత్‌పేస్టు నురగతో దీనికీ పడదు.

రెండోది నూనెల రకం: యూకలిప్టాల్, మెంథాల్, మిథైల్ సాలిసిలేట్, థైమాల్. అంటే నీలగిరి తైలం, పుదీనా పువ్వు, వింటర్‌గ్రీన్ నూనె, వాము పువ్వు వాసనల్లో ఉండే పదార్థాలే. 1879లో అమెరికాలో శస్త్రచికిత్సల క్రిమిసంహారిణిగా తయారైన లిస్టరిన్ ఈ కోవలో మొదటిది. శస్త్రచికిత్సలో క్రిమిరహిత పద్ధతి తెచ్చిన జోసెఫ్ లిస్టర్ పేరే దానికి పెట్టారు. నోటి వాసన అంటే జనానికి భయం పుట్టించిన ప్రకటనలు 1920లలో మొదలయ్యాయి, అమ్మకాలు పెరిగింది అప్పుడే. జలుబును ఆపుతుందని కూడా దశాబ్దాల పాటు చెప్పుకొచ్చారు, 1970లలో అమెరికా వాణిజ్య కమిషన్ ఆ మాట తప్పని ప్రకటనల్లోనే ఒప్పుకోమని ఆదేశించింది. అంతమాత్రాన ఈ రకం పనికిరానిది కాదు. ఆరు నెలల పాటు రోజూ బ్రష్‌తో పాటు వాడితే పాచి, చిగుళ్ళ వాపు కొంత తగ్గుతాయని మంచి పరీక్షల్లోనే తేలింది. బ్రష్‌తో పాటు వాడినప్పటి మాట అది, బ్రష్‌కు బదులు వాడినప్పటిది కాదు.

ఈ నూనెలు నీళ్ళలో కరగవు గనక కరిగించడానికి ఆల్కహాల్ కలుపుతారు. పాత ఫార్ములాల్లో అది 20% పైనే, బీరు కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. ఆల్కహాల్ నోటిని పొడిబారుస్తుంది, పూతలు ఉంటే మండిస్తుంది. నోటి క్యాన్సర్‌కు దీనికీ ముడి ఉందా అన్నది ఇంకా తేలలేదు, అయితే ఆల్కహాల్ లేని రకాలు సులువుగా దొరుకుతున్నప్పుడు ఉన్నదే కొనాల్సిన అవసరం ఎవరికీ లేదు. వక్కాకు, పొగాకు అలవాటున్నవాళ్ళకు మరీ లేదు. బండి నడిపేవాళ్ళకు ఇంకో ఇబ్బంది: పుక్కిలించిన 10, 15 నిమిషాల దాకా నోట్లో మిగిలిన ఆల్కహాల్ ఆవిరి ఊపిరి పరీక్ష యంత్రంలో అంకె చూపిస్తుంది. మన చట్టంలో హద్దు 100 మి.లీ. రక్తంలో 30 మిల్లీగ్రాములు. రక్తంలో చుక్క లేకపోయినా పోలీసు పట్టిన యంత్రం నోటి ఆవిరినే చూస్తుంది. కాసేపు ఆగి మళ్ళీ ఊదితే అంకె పడిపోతుంది.

ఫ్లోరైడు మౌత్‌వాష్ వేరే జాతి. చిగుళ్ళకు కాదు, పుచ్చిపోకుండా పళ్ళకు. రోజూ వాడేది సోడియం ఫ్లోరైడ్ 0.05%, అందులో ఫ్లోరైడు దాదాపు 225 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 225. వారానికోసారి వాడేది 0.2%, దాదాపు 900 పీపీఎం. పళ్ళకు క్లిప్పులు వేయించుకున్న పిల్లలకు, నోరెండిపోయే జబ్బున్నవాళ్ళకు, మెడ మీద రేడియేషన్ తీసుకున్నవాళ్ళకు ఇది అవసరం. ఇక్కడా వేళే ముఖ్యం. మన దేశంలో ఫ్లోరైడు టూత్‌పేస్టులో దాదాపు 1000 పీపీఎం దాకా ఉంటుంది. తోమిన వెంటనే 225 పీపీఎం ద్రావణంతో పుక్కిలిస్తే పంటి మీది గట్టి మందును కడిగేసి పల్చటిది పెట్టినట్టే. తోమాక నురగ ఉమ్మేసి, నీళ్ళతో ఎక్కువ కడగకుండా వదిలేయడం మేలు. మౌత్‌వాష్ మధ్యాహ్నం భోజనం తర్వాత పెట్టుకోవాలి.

ఆరేళ్ళలోపు పిల్లలకు ఏ మౌత్‌వాష్ కూడా ఇవ్వకూడదు. ఉమ్మడం సరిగా రాక మింగేస్తారు. 10 మి.లీ. మింగితే రోజువారీ రకంలోనే 2 మిల్లీగ్రాములకు పైగా ఫ్లోరైడు లోపలికి పోతుంది. తాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఊళ్ళలో ఉండే పిల్లలకు అది ఇంకా బరువు. ఫ్లోరైడు ఎక్కువై ఎముకలు దెబ్బతినే ఫ్లోరోసిస్‌ జబ్బును మన దేశంలో వైద్యులు తొలిసారి నమోదు చేసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. మనకు దూరపు కథేమీ కాదు. అలాంటి ఊళ్ళలో నీళ్ళ పరీక్ష ఫలితం చూసి డాక్టరు చెబితేనే ఫ్లోరైడు సీసా కొనాలి.

కరోనా రోజుల్లో ఇంటింటికీ చేరిన బెటాడిన్ గార్గిల్‌ను కూడా కొందరు ఇప్పటికీ రోజూ వాడుతున్నారు. అది పోవిడోన్ అయొడిన్. గొంతు నొప్పికి నాలుగైదు రోజులు సరే. థైరాయిడ్ జబ్బున్నవాళ్ళు, గర్భిణులు డాక్టరును అడగకుండా ముట్టకూడదు, అందులోని అయొడిన్ నోటి చర్మం గుండా ఒంట్లోకి చేరుతుంది.

వాసన ఎక్కడిది

మౌత్‌వాష్ కొనేవాళ్ళలో చాలామంది కొనేది వాసన కోసం. కడుపులో వేడి చేసి నోరు వాసన వస్తోందని ఒక పాత నమ్మకం. కడుపు నుంచి వాసన పైకి రావడం అరుదు, పదిమందిలో ఎనిమిది తొమ్మిది మందికి మూలం నోట్లోనే ఉంటుంది. నాలుక వెనక భాగంలో గాలి ఆడని చోట బ్యాక్టీరియా ప్రొటీన్లను కుళ్ళబెట్టి గంధకపు వాయువులు వదులుతుంది: కుళ్ళిన గుడ్డు వాసనిచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్, దానికన్నా ఘాటైన మిథైల్ మెర్కాప్టన్. పుదీనా దాన్ని గంటో రెండు గంటలో కప్పిపెడుతుంది. జింకు లవణం ఉన్న రకాలు మాత్రం ఆ గంధకాన్ని పట్టుకుని వాసన లేకుండా చేస్తాయి, లేబుల్ మీద జింక్ అన్న మాట వెతకడం మంచిది.

అంతకన్నా చవక మార్గం నాలుక బద్ద. స్టీలుదో రాగిదో, నాలుక మీద వీలైనంత వెనక నుంచి ముందుకు నాలుగైదుసార్లు మెల్లగా లాగాలి, ప్రతిసారీ బద్దను కడగాలి. ముందు సగం మాత్రమే గీకి, ఓకరింత వస్తుందని వెనక భాగం వదిలేస్తే పని సగమే. నాలుక బయటికి చాపి, ఊపిరి ముక్కుతో వదులుతూ లాగితే ఓకరింత తగ్గుతుంది. రక్తం వచ్చేలా గీకడం వీరత్వం కాదు.

పెరటాసి (సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చే తమిళ నెల) శనివారాల్లో ఒక్కపొద్దు ఉండేవాళ్ళకు సాయంత్రానికి వచ్చే వాసన వేరు. తిండి లేక ఒంట్లో కొవ్వు కరిగి ఎసిటోన్ ఊపిరితిత్తుల గుండా వస్తుంది, తోడుగా నోరు ఎండుతుంది. దానికి పుక్కిలించి లాభం లేదు. నీళ్ళు తాగాలి. మే నెల ఎండలో అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కేవాళ్ళకూ ఇదే వర్తిస్తుంది: ఆల్కహాల్ మౌత్‌వాష్ ఎండిన నోటిని ఇంకా ఎండబెడుతుంది, నీళ్ళ సీసా ఉంటే చాలు. షుగరు అదుపులో లేనివాళ్ళకు ఉపవాసం లేకుండానే పండిన పండు వాసన వస్తుంటే అది పంటి డాక్టరు పని కాదు, వెంటనే రక్త పరీక్ష చేయించాలి.

ఉప్పు, నూనె, వేప

గోరువెచ్చని నీళ్ళు ఒక గ్లాసు, అంటే 200 నుంచి 250 మి.లీ., అందులో అర టీస్పూను ఉప్పు. ఇంతకన్నా మంచి చవక మౌత్‌వాష్ లేదు. చిగుళ్ళ వాపు, నోటి పూత, పన్ను పీకించుకున్నాక మానే గాయం, వీటన్నిటికీ ఉపశమనం ఇస్తుంది. పాచిని ఆపే శక్తి దీనికి పెద్దగా లేదు. పన్ను పీకించుకున్న మొదటి 24 గంటలు మాత్రం ఉప్పునీళ్ళయినా, మందయినా ఏదీ పుక్కిలించకూడదు. గుంటలో గడ్డకట్టిన రక్తమే గాయానికి మూత. గట్టిగా పుక్కిలిస్తే అది ఊడిపోయి ఎముక బయటపడుతుంది, మూడో నాటికి చెవి దాకా లాగే నొప్పి మొదలవుతుంది. మర్నాటి నుంచి నోట్లో నీళ్ళు పోసుకుని తలను అటూ ఇటూ వంచి, ఉమ్మకుండా నోరు తెరిచి జారవిడవడమే పద్ధతి.

క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకుంటూ నోరు పుండ్లు పడ్డవాళ్ళకు లీటరు నీళ్ళలో ఒక టీస్పూను ఉప్పు, ఒక టీస్పూను వంట సోడా కలిపి రోజుకు ఐదారుసార్లు మెల్లగా పుక్కిలించమంటారు. ఏ రోజుది ఆ రోజే కలుపుకోవాలి.

నువ్వుల నూనె పుక్కిలించడం ఆయుర్వేదంలో పాత పద్ధతే. నోటి నిండా పట్టి కదపకుండా ఉంచేది గండూషం, కొంచెం తీసుకుని నోట్లో తిప్పేది కవళం. ఇప్పుడు ఆయిల్ పుల్లింగ్ పేరుతో చేస్తున్నది రెండోదానికి దగ్గర. ఒక టేబుల్ స్పూను నూనె 10 నిమిషాలు తిప్పితే నూనె పల్చబడి తెల్లగా మారుతుంది. పాచి కొంత తగ్గినట్టు చిన్న చిన్న పరీక్షల్లో కనిపించింది, హాని కూడా లేదు. ఒంట్లో విషాలన్నీ లాగేస్తుందన్న ప్రచారానికి మాత్రం ఆధారం లేదు, తెల్లబడటం లాలాజలం కలిసి నూనె విరగడం వల్లే. ఉమ్మేది వాష్‌బేసిన్లో కాకుండా చెత్తబుట్టలో ఉమ్మాలి, లేకపోతే గొట్టం మూసుకుపోతుంది. పొలమారే అలవాటున్న ముసలివాళ్ళు చేయకూడదు, నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. త్రిఫల కషాయం మీద కూడా మన దేశంలో చిన్న పరీక్షలు జరిగాయి, పాచిని తగ్గించినట్టే చెబుతాయి. చిగుళ్ళకు వగరు పట్టడం తెలుస్తుంది కూడా. కానీ ఇంట్లో కాచే కషాయం ప్రతిసారీ ఒకే చిక్కదనంలో ఉండదు.

వేపపుల్ల, కానుగపుల్ల నమిలి కుచ్చు చేసుకుని తోముకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ముందు పళ్ళకు బాగానే పనిచేస్తుంది, దవడ పళ్ళ లోపలి వైపుకు అందదు. ఇటుక పొడి, బొగ్గు, బూడిద మాత్రం ఎనామిల్‌ను అరగదీస్తాయి.

ఇంకో జాగ్రత్త చిత్తూరు వైపు ఎండాకాలానికి సంబంధించినది. మామిడికాయ ముక్కలు ఉప్పూకారం అద్దుకుని తిన్నాక, పచ్చిపులుసు తాగాక పులుపు వల్ల పంటి పైపొర కాసేపు మెత్తబడి ఉంటుంది. అప్పుడు వెంటనే బ్రష్ పెడితే అరుగుతుంది. మామూలు నీళ్ళతో పుక్కిలించి అరగంట ఆగాలి. ఆ అరగంటలో పుల్లటి మౌత్‌వాష్ కూడా వద్దు, కొన్ని రకాల పీహెచ్ 5 కన్నా తక్కువే ఉంటుంది.

బ్యాక్టీరియా అంతా శత్రువు కాదు

తోటకూర, పాలకూర, బీట్‌రూట్‌లోని నైట్రేటును నాలుక మీది కొన్ని బ్యాక్టీరియాలు నైట్రైటుగా మారుస్తాయి. అది ఒంట్లో నైట్రిక్ ఆక్సైడుగా మారి రక్తనాళాలను వదులు చేస్తుంది. ఘాటైన క్లోర్‌హెక్సిడిన్ ఈ బ్యాక్టీరియాను కూడా తుడిచేస్తుంది. వారం రోజులు వాడిన ఆరోగ్యవంతుల్లో పై రక్తపోటు రెండు మూడు పాయింట్లు పెరిగినట్టు చిన్న అధ్యయనాలు చూపించాయి. వారం పది రోజుల చికిత్సకు దీన్ని చూసి భయపడనక్కర్లేదు. బీపీ మందులు వేసుకుంటూ ఏ కారణమూ లేకుండా ఏళ్ళ తరబడి పుక్కిలించేవాళ్ళు ఆలోచించాల్సిన విషయమే.

చిగుళ్ళలోంచి రక్తం వస్తోందని ఆ చోట బ్రష్ పెట్టడం మానేస్తారు. అక్కడ పాచి ఇంకా పేరుకుంటుంది, రక్తం ఇంకా వస్తుంది. మెత్తటి బ్రష్‌తో ఆ అంచునే శ్రద్ధగా తోమితే మామూలు వాపు వారం పది రోజుల్లో తగ్గి రక్తం ఆగుతుంది. రెండు వారాలైనా ఆగకపోతే కింద గార ఉందన్న మాట, సీసా మార్చి లాభం లేదు. షుగరు ఉన్నవాళ్ళు అంత కూడా ఆగకూడదు. చిగుళ్ళ జబ్బు షుగరును పెంచుతుంది, షుగరు చిగుళ్ళ జబ్బును పెంచుతుంది.

పుండు విషయంలో గడువు ఇంకా కచ్చితం. పంటి మొన గుచ్చుకునో, కారానికో వచ్చిన పూత రెండు వారాల్లో మానాలి. మూడో వారంలోకి వచ్చినా మానని పుండు, గీకితే రాని తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, నోరు క్రమంగా తక్కువగా తెరుచుకోవడం, ఇవి కనిపిస్తే ఏ మౌత్‌వాష్‌తోనూ రోజులు గడపకూడదు. వక్క, గుట్కా, ఖైనీ అలవాటున్నవాళ్ళయితే నొప్పి లేకపోయినా సరే వెళ్ళాలి, మొదట్లో క్యాన్సర్ పుండు నొప్పి పెట్టదు. తిరుపతిలో దంత వైద్య కళాశాల ఉంది, స్విమ్స్ పెద్దాసుపత్రి ఉంది, అలిపిరి దగ్గర క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. అవసరమైతే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. వెళ్ళే రోజు పొద్దున రంగున్న మౌత్‌వాష్ పుక్కిలించకుండా, మామూలు నీళ్ళతో నోరు కడుక్కుని వెళితే డాక్టరుకు మచ్చ అసలు రంగు కనిపిస్తుంది.